స్పీకర్ జాలీ కింద దాగిన పచ్చ

ప్రశ్న: మా నాన్నగారి 1959 మోడల్ కారు పదిహేనేళ్లు షెడ్డులోనే ఉండిపోయింది. ఇంజిన్ పని అయిపోయింది, బయట రంగు కూడా వేయించాం. ఇప్పుడు లోపలి వంతు. డాష్‌బోర్డు, కిటికీల చుట్టూ ఉండే చట్రాలు, స్టీరింగ్ గొట్టం అన్నీ ఇనుప రేకే, అన్నిటికీ పెయింటే. డాష్ పైభాగం ముదురు ఆకుపచ్చ, దానికి మెరుపు ఉండదు. కింది భాగం లేత ఆకుపచ్చ, కొద్దిగా మెరుస్తుంది. పైభాగం వెలిసిపోయి, ఒక మూల సన్నగా పగుళ్లు వచ్చాయి. తాళంచెవి పెట్టే చోటికి కింద, నాన్నగారి కీచైన్ ఊగి ఊగి నెలవంకలా అరిగిపోయింది. మొత్తం గీకేసి బయట వేసిన పెయింటే లోపల కూడా కొడితే అద్దంలా ఉంటుందని పెయింటర్ అంటున్నాడు. పాత కార్లంటే ప్రాణం పెట్టే మా బావగారు దేన్నీ ముట్టుకోవద్దంటున్నారు. ఇద్దరి మధ్యా నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: ముందు పెయింటర్‌కి ఫోన్ చేసి, రెండు మూడు వారాలు రావద్దని చెప్పండి. తొందరేమీ లేదు. పదిహేనేళ్లు ఆగిన కారు ఇంకో నెల ఆగుతుంది. గీకేసిన పెయింటు మాత్రం మళ్లీ రాదు.

మీ బావగారి మాటలో చాలా నిజం ఉంది, కానీ పూర్తిగా కాదు. పెయింటర్ మాటలో కొంచెం నిజం ఉంది, అది కూడా ఆ పగుళ్ల వరకే. మీరు రాసినదాన్ని బట్టి నా అభిప్రాయం ఇది. లేత ఆకుపచ్చ భాగమంతా శుభ్రం చేస్తే చాలు. కిటికీ చట్రాలు, స్టీరింగ్ గొట్టం కూడా అంతే. డాష్ పైభాగానికి మాత్రం కొత్త రంగు పడక తప్పదేమో. ఆ ‘ఏమో’ తేలేది శుభ్రం చేశాకే. నెలవంక గురించి చివర్లో చెబుతాను. దాని గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది.

బయటి పెయింటే లోపలా ఎందుకు కొట్టకూడదో ముందు చెప్పాలి. రంగు ఒకటే అయినా మెరుపు వేరు. ఎండలో డ్రైవింగ్ సీట్లో కూర్చుంటే డాష్ పైభాగం నీడ ముందు అద్దంలో కనిపిస్తుంది. ఆ పైభాగం నున్నగా మెరిసిందంటే అద్దం నిండా దాని ప్రతిబింబమే, రోడ్డు కనిపించదు. అందుకే ఆ రోజుల్లో చాలా కంపెనీలు డాష్ పైన మెరుపు చంపిన రంగు వేసి, కింది భాగానికి ఓ మాదిరి మెరుపు ఉంచాయి. అమెరికాలో అయితే 1968 నుంచి, డ్రైవర్ కళ్లెదుట ఉండే వైపర్ చేతులు, హారన్ రింగు, లోపలి అద్దం ఫ్రేము లాంటి లోహపు భాగాల మెరుపు ఇంతకు మించకూడదని భద్రతా నియమమే ఉండేది, 1996లో దాన్ని ఎత్తేశారు. మీ కారులో పైనా కిందా రెండు రకాల మెరుపు ఉండటం ఎవరో సరదాగా చేసిన అలంకరణ కాదు. ఆ కారును తయారుచేసినవాళ్లు ఆలోచించి చేసిన పని.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్న పాఠం. చాలా ఏళ్ల క్రితం నేను బాగుచేసిన ఒక కారుకి, రంగు కలపడంలో వారం రోజులు కష్టపడి, పాత రంగుకీ కొత్త రంగుకీ వెంట్రుకవాసి తేడా లేకుండా తెచ్చాను. మెరుపు సంగతి మాత్రం అసలు ఆలోచించలేదు. డాష్ మొత్తం ఒకే పెయింటు, ఒకే మెరుపు. షెడ్డులో ట్యూబ్‌లైటు కింద చూసి మురిసిపోయాను. మర్నాడు మధ్యాహ్నం రోడ్డెక్కాక తెలిసింది, అద్దం మీద ఒక ఆకుపచ్చ పరదా వేసినట్టుంది. కళ్లు చికిలించుకుంటూ నడిపి వెనక్కి తెచ్చాను. పైగా అసలు పెయింటు పూర్తిగా గీకేశాను కాబట్టి, మొదట్లో అది ఎంత మెరుపుతో ఉండేదో చూసుకోవడానికి ఒక్క అంగుళం కూడా మిగల్లేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే మీ పెయింటర్‌ని ఆపమన్నాను.

సరే, పనిలోకి వద్దాం. మొదటి పని రంగు వేయడం కాదు, వెతకడం. ఆష్‌ట్రే బయటికి లాగి, అది కూర్చునే గూడు అంచుల్ని టార్చి వేసి చూడండి. గ్లవ్ బాక్స్ తలుపు కీలు వెనక, రేడియో చుట్టూ ఉండే బిళ్ల కింద, స్పీడోమీటర్ రింగు కింద, కిటికీ చట్రాల వెనక వైపు కూడా చూడండి. ఎండా చేయీ తగలని చోట్లు ఇవి. లేత ఆకుపచ్చ అసలు రంగు అక్కడ ఉంటుంది. ముదురు ఆకుపచ్చ కావాలంటే డాష్ పైన ఉండే స్పీకర్ జాలీ, ముందు అద్దానికి వేడిగాలి కొట్టే సందు మీది బద్ద విప్పండి. స్క్రూలు తుప్పు పట్టి ఉంటే బలం ఉపయోగించకుండా, తుప్పు వదిలించే నూనె ఒక చుక్క వేసి ఒక రోజు వదిలేయండి. జాలీ లేపగానే దాని అంచు వెంబడి వేలెడు వెడల్పున ఒక పచ్చటి గీత కనిపిస్తుంది. పక్కనున్న వెలిసిన రంగుతో పోలిస్తే అది వేరే కారుదేమో అనిపిస్తుంది. అదే మీ అసలు ముదురు ఆకుపచ్చ. దాని మెరుపు కూడా అదే.

ఆ చోటు దగ్గర ఒక స్టీలు స్కేలు నిలువుగా పెట్టి చూడండి. స్కేలు మీది అంకెలు పెయింటులో ఎన్ని సెంటీమీటర్ల దాకా చదవగలిగేలా ప్రతిబింబిస్తున్నాయో రాసుకోండి. బాగా మెరిసే పెయింటులో స్కేలు మొత్తం కనిపిస్తుంది. మ్యాట్ పెయింటులో మొదటి సెంటీమీటరు కూడా మసకే. మెరుపు కొలిచే మీటర్లు ఉన్నాయి. మామూలుగా 60 డిగ్రీల కోణంలో వెలుగు వేసి, నల్లటి నున్నని గాజును 100గా పెట్టుకుని కొలుస్తాయి. అయితే స్పీకర్ జాలీ కింద ఉన్న సన్నటి పట్టీ మీద మీటరు ఆనదు. స్కేలు ఆనుతుంది. నేనైతే ఇప్పటికీ స్కేలునే నమ్ముతాను. తర్వాత కొత్త రంగు వేసిన ముక్క మీద కూడా ఇదే స్కేలు, ఇదే వెలుగు. అంకె కలిస్తే మెరుపు కలిసినట్టే.

విప్పిన ప్రతిదాన్నీ విప్పే ముందూ, తర్వాతా ఫోటో తీయండి. కారు బాడీ మీద ఎక్కడో ఒక చిన్న రేకు బిళ్ల రివెట్లతో కొట్టి ఉంటుంది. దాని మీద బాడీ రంగు కోడ్, లోపలి అలంకరణ కోడ్ ఉండొచ్చు. ఆ కోడ్‌తో పాత పెయింటు పట్టికల్లో రంగు పేరు దొరుకుతుంది. కానీ ఆ కోడ్ ప్రకారం ఇవాళ కలిపిన రంగు స్పీకర్ జాలీ కింది రంగుతో కలవకపోతే జాలీనే నమ్మండి. ఫ్యాక్టరీలో ఒక విడతకీ ఇంకో విడతకీ తేడా వచ్చేది. మీ కారు ఏ విడతలోదో చెప్పగలిగేది మీ కారే.

ఇప్పుడు శుభ్రం చేయడం. చాలామంది తొందరపడి వదిలేసే పని ఇదే, అద్భుతాలు జరిగేదీ ఇక్కడే. ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము, చేతుల జిడ్డు, ఎవరైనా లోపల సిగరెట్లు కాల్చి ఉంటే ఆ పొగ, వీటన్నిటి పొర ఒకటి పెయింటు మీద గోధుమ రంగులో కూర్చుని ఉంటుంది. అది చూసి రంగు వెలిసిందనుకుంటాం. గోరువెచ్చని నీళ్లలో ఘాటులేని సబ్బు రెండు చుక్కలు కలపండి. దూది చుట్టిన పుల్లని అందులో ముంచి, పిండి, నాణెమంత చోట గుండ్రంగా తిప్పుతూ తుడవండి. దూది గోధుమ రంగులోకి మారుతుంది. పారేసి కొత్తది తీసుకోండి. అది తెల్లగా వచ్చేదాకా అదే చోట ఉండండి. తర్వాత మామూలు నీళ్ల దూదితో సబ్బు తీసేసి, పొడిగుడ్డతో అద్దండి. రుద్దకూడదు. ఒక డాష్ మొత్తం ఇలా చేయడానికి నాకు ఒక్కోసారి మూడు సాయంత్రాలు పట్టింది. విసుగనిపిస్తే ఆపేయండి, మర్నాడు మొదలుపెట్టండి.

దూదికి గోధుమ రంగు కాకుండా ఆకుపచ్చ అంటిందంటే వెంటనే ఆగాలి. అది మురికి కాదు, పెయింటే వస్తోంది. అప్పుడు సబ్బు ఇంకా తగ్గించాలి, లేదంటే ఉత్త నీళ్లతోనే పని కానివ్వాలి.

చేయకూడనివి కూడా చెప్పాలి. రబ్బింగ్ కాంపౌండ్, పాలిష్ మ్యాట్ పెయింటు దగ్గరికి రానివ్వకండి. మ్యాట్ అంటే పైపొర కంటికి కనిపించనంత గరుకుగా ఉండటమే. పాలిష్ ఆ గరుకుని చదును చేస్తుంది, అక్కడ మెరుపు మచ్చ పడుతుంది, ఇక అది పోదు. లేత ఆకుపచ్చ మీద కూడా కాంపౌండ్ వద్దు. అలాగే డాష్ మెరవడానికి అమ్మే స్ప్రేలు. వాటిలో చాలావాటిలో సిలికాన్ ఉంటుంది. అది పెయింటు పగుళ్లలోకి దిగి కూర్చుంటుంది. తర్వాత ఆ చోట కొత్త రంగు కొడితే, పడీ పడగానే గుండ్రటి గుంటలు తేలతాయి. పెయింటర్లు చేపకళ్లు అనేది వీటినే. మీ కారుకి గతంలో అలాంటి స్ప్రే కొట్టారేమో ఇంట్లో అడగండి. కొట్టి ఉంటే రంగు వేసే ముందు జిడ్డు తీసే ద్రావకంతో ఒక గుడ్డ, ఆరకముందే తుడవడానికి ఇంకో పొడి గుడ్డ, ఇలా రెండేసి గుడ్డలతో నాలుగైదు సార్లు తుడవాలి. ఒకే గుడ్డతో తుడిస్తే జిడ్డు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుతుందంతే.

శుభ్రం చేశాక డాష్‌ని మళ్లీ చూడండి. నా అనుభవంలో సగం కార్లలో పని ఇక్కడే అయిపోతుంది. కావాలంటే లేత ఆకుపచ్చ మీద, రంగు లేని మైక్రోక్రిస్టలైన్ మైనం చాలా పల్చగా పూసి మెత్తటి గుడ్డతో తుడవండి. మ్యూజియంలలో లోహపు వస్తువులకి వాడే మైనం ఇదే. ముదురు ఆకుపచ్చ మ్యాట్ మీద మాత్రం మైనం వద్దు.

ఇక పగుళ్ల మూల. అక్కడ ఉన్నది ఏ రకం పెయింటో తెలుసుకోవాలి. కనిపించని చోట, అంటే ఆష్‌ట్రే గూడులోనో జాలీ కిందో, దూదిపుల్ల కొనకి ఒక చుక్క లక్కర్ థిన్నర్ అద్ది పది సెకన్లు ఆనించండి. పెయింటు కరిగి దూదికి రంగు అంటితే అది లక్కర్. కరగకుండా ముడతలు పడినా, ఏమీ కాకపోయినా ఎనామెల్. లక్కర్ ఆరడమంటే అందులోని ద్రావకం ఆవిరైపోవడమే. అందుకే అరవై ఏళ్ల తర్వాత కూడా అదే ద్రావకం తగిలితే మళ్లీ కరుగుతుంది. ఎనామెల్ అలా కాదు, ఆరేటప్పుడు లోపల రసాయనికంగా గట్టిపడిపోతుంది. ఇది తెలియకుండా పాత ఎనామెల్ మీద లక్కర్ కొడితే అడుగు పొర ఉబ్బి, ముడుచుకుని పైకి లేస్తుంది.

పాత పెయింటర్లు ఇప్పటికీ కారు పెయింటంటే ‘డ్యూకో’ అంటారు కదా, ఆ మాట ఈ లక్కర్‌దే. డ్యుపాంట్ కంపెనీ తెచ్చిన నైట్రోసెల్యులోజ్ లక్కర్ పేరు అది. 1924 మోడల్ ఓక్లాండ్ కార్లకి నీలం రంగులో మొదట వేశారు. అంతకు ముందు కారుకి వార్నిష్ పూసి ఆరబెట్టడానికే వారాలు పట్టేది. డ్యూకో వచ్చాక అది గంటల్లోకి దిగింది. 1950ల చివర్లో దాని స్థానంలోకి యాక్రిలిక్ లక్కర్ వచ్చింది. ఇంకొన్ని కంపెనీలు బట్టీలో కాల్చిన ఎనామెల్‌నే నమ్ముకున్నాయి. మీ కారు 1959ది కాబట్టి మూడింట్లో ఏదైనా కావచ్చు. దూదిపుల్ల లక్కరా, ఎనామెలా అన్నది తేల్చేస్తుంది. పనికి అది చాలు.

పాత లక్కర్‌లో పగుళ్లు వస్తే ఒక నిజం ఒప్పుకోవాలి. పగుళ్ల మీద పుట్టీ పెట్టి రంగు కొడితే ఆరు నెలలకో ఏడాదికో అవే పగుళ్లు, అదే ఆకారంలో పైకి తేలతాయి. పగిలిన పెయింటు రేకు దాకా తీయాల్సిందే. అలాగని మొత్తం డాష్ కాదు. మీ డాష్ పైభాగం రంగు మారే గీత దగ్గర ఆగుతుంది కదా, ఆ గీత దాకా మాత్రమే. చాలా కార్లలో ఆ గీత మీద సన్నటి స్టీలు పట్టీ ఉంటుంది. అది తీసి, దాని కింద టేపు వేసుకుంటే కొత్త రంగు అంచు ఎప్పటికీ కనపడదు.

తీసేటప్పుడు పొడిగా రుద్దొద్దని గట్టిగా చెబుతున్నాను. ఆ కాలం పెయింట్లలో సీసం ఉండేది. పసుపు, ఆకుపచ్చ, ఎరుపు రంగుల్లో లెడ్ క్రోమేట్ బాగా వాడేవారు. మీది ఆకుపచ్చ. దుమ్ము లేవకుండా నీళ్లతో వాటర్ పేపర్ వాడండి, లేదా పూసి గీకే రిమూవర్ వాడండి. సన్నటి దుమ్ముని ఆపే మాస్కు పెట్టుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, ఆ బట్టలు విడిగా ఉతకండి. గీకగా వచ్చిన చెత్తని సంచిలో మూటకట్టి, ప్రమాదకరమైన చెత్త తీసుకునే చోట ఇవ్వండి. అది నైట్రోసెల్యులోజ్ అయితే ఇంకో సంగతి. ఎండిన తునకలు చాలా తొందరగా అంటుకుంటాయి. హీట్ గన్ జోలికి పోవద్దు.

రేకు బయటపడ్డాక తుప్పు ఉంటే ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు మందుతో తీసి, కడిగి, పూర్తిగా ఆరాక ఎపాక్సీ ప్రైమర్. ఆ తర్వాత 600 నంబరు వాటర్ పేపర్‌తో నున్నగా చేయడం. ఇదంతా మీ పెయింటర్‌కి రోజూ చేసే పనే, నేను చెప్పక్కర్లేదు. ఆయనకి చెప్పాల్సింది తర్వాతి సంగతి.

రంగు కలిపేటప్పుడు స్పీకర్ జాలీ కింది పచ్చ గీతని రంగు చదివే మిషన్‌కి చూపిస్తే మంచి మొదలే. కానీ మిషన్ చెప్పిన రంగుతో ఆగకండి. మ్యాట్ రంగు మిషన్‌కి ఒకలా, కంటికి ఒకలా కనిపిస్తుంది. అరచేతంత రేకు ముక్కలు ఆరు తీసుకోండి. అట్ట మీద వద్దు, అట్ట రంగుని పీల్చి మెరుపు చంపేస్తుంది. మీ డాష్‌కి వేసిన ప్రైమరే వాటికీ వేసి, రంగులో మ్యాట్ చేసే పొడి పాళ్లు మార్చి మార్చి కొట్టి, వెనక మార్కరుతో పాళ్లు రాయండి. పూర్తిగా ఆరాకే పోల్చాలి. తడిలో ప్రతి పెయింటూ మెరుస్తుంది. ఒక్కో ముక్కనీ జాలీ కింది పచ్చ గీత పక్కన పెట్టి పొద్దున వెలుగులో, మిట్టమధ్యాహ్నం నీడలో, రాత్రి పసుపు బల్బు కింద చూడండి. ఎండలో కలిసిన రెండు ఆకుపచ్చలు బల్బు కింద విడిపోవడం చాలా మామూలు. రెండు చోట్లా కలిసిందే మీ రంగు.

ఆ మ్యాట్ పొడి సాధారణంగా సన్నటి సిలికా. డబ్బా అడుగున దిగిపోతుంది. కలిపి పది నిమిషాలు వదిలేసి గన్నులో పోస్తే, మొదటి కోటు మెరుస్తూ, చివరి కోటు సున్నం కొట్టినట్టు వస్తుంది. పోసే ప్రతిసారీ అడుగు నుంచి కలపాలి. ఇంకొకటి, గన్ను చేతి మీద కూడా మెరుపు ఆధారపడుతుంది. తడిగా, దట్టంగా కొడితే మెరుపు పెరుగుతుంది. దూరం నుంచి పొడిగా కొడితే తగ్గుతుంది. ముక్కల మీద కొట్టిన మనిషే, అదే గన్నుతో, అదే వేగంతో డాష్ మీద కొట్టాలి. మామూలు పెద్ద గన్ను వద్దు, 0.8 లేదా 1 మిల్లీమీటరు నాజిల్ ఉన్న చిన్న గన్ను చాలు.

ముందు అద్దం ఇంకా బిగించకపోతే మీ అదృష్టం. అద్దం ఉంటే డాష్ వెనక అంచు దాకా గన్ను నిటారుగా పట్టడం కుదరదు. ఏటవాలుగా కొట్టిన చోట రంగు గరుకుగా, తెల్లబారినట్టు వస్తుంది. అద్దం బిగించేసి ఉంటే, దాన్ని తీయించే ఖర్చు గురించి ఆలోచించండి. నేనైతే తీయిస్తాను.

వర్షం పడే రోజు, గాలిలో తేమ ఎక్కువున్న రోజు లక్కర్ కొట్టకండి. ద్రావకం ఆవిరయ్యేటప్పుడు రేకు చల్లబడి, గాలిలోని తేమ పెయింటు మీద చేరుతుంది. రంగు మీద పాలపొరలా తెల్లదనం వస్తుంది. మెరిసే పెయింటు మీద దుమ్ము పడితే ఆరాక వాటర్ పేపర్ వేసి పాలిష్ చేసుకోవచ్చు. మ్యాట్‌లో ఆ అవకాశం లేదు. పడిన దుమ్ము రేణువుని ముట్టుకుంటే మచ్చ పడుతుంది. నేల తడిపి, తలుపులు మూసి, బట్టలు దులుపుకుని మొదలుపెట్టాలి. ఒక్క రేణువు పడితే దాన్ని అలాగే వదిలేయండి. పది పడితే మళ్లీ కొట్టడమే.

మీ పెయింటర్ హార్డ్‌నర్ కలిపే రెండు డబ్బాల పెయింటే వాడతానంటే, మ్యాట్ చేసి వాడొచ్చు. మన్నుతుంది కూడా. కానీ ఆ హార్డ్‌నర్‌లో ఐసోసైనేట్‌లు ఉంటాయి. బయటి నుంచి గొట్టంతో మంచి గాలి అందే మాస్కు లేకుండా, అందులోనూ కారు లోపల కూర్చుని కొట్టకూడదు. ముక్కుకి గుడ్డ కట్టుకుని కొట్టేవాళ్లని చాలామందిని చూశాను. కొన్నేళ్లకి ఆయాసం వచ్చి పని మానేసినవాళ్లనీ చూశాను. మీ కారు కోసం ఆయన ఊపిరితిత్తులు పాడుకాకూడదు. ఈ ఒక్క మాట ఆయనకి తప్పకుండా చెప్పండి.

లోపల ఇంకేవైనా వేరే రకం ఫినిషింగ్ బయటపడితే వాటి సంగతి క్లుప్తంగా. ముడతలు ముడతలుగా ఉండే నల్ల పెయింటు, అంటే మొదటి తరం ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు డాష్ మీద ఉండేలాంటిది, దట్టంగా కొట్టి వేడి చూపిస్తే పైపొర ముందే బిగుసుకుని ముడుచుకోవడం వల్ల వస్తుంది. దాన్ని మధ్యలో అతుకు వేయలేం, ముక్క మొత్తం చేయాలి. రేకు మీద చెక్క గీతల్లా కనిపించే పెయింటుంటే మాత్రం అసలు గీకకండి. అడుగున లేత గోధుమ రంగు వేసి, చెక్కిన పలక మీది సిరాని రోలర్‌తో ఎత్తి రేకు మీద దొర్లించి, పైన వార్నిష్ వేసేవారు. ఆ పని తెలిసినవాళ్లు ఇప్పుడు చాలా తక్కువ. శుభ్రం చేసి వదిలేయడం ఉత్తమం.

ఇక నెలవంక. పాత వాహనాల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2012లో ట్యూరిన్ చార్టర్ ఆమోదించింది. వాహనం వాడుకలో పొందిన మార్పులు కూడా దాని చరిత్రేనని, పునరుద్ధరణ కంటే ఉన్నదాన్ని కాపాడుకోవడం ముందని దాని సారాంశం. నాకు ఆ చార్టర్ చదవకముందు నుంచే అదే నమ్మకం. కీచైన్ ఒక్కోసారి ఒక్కో వెంట్రుకంత గీత పెడుతూ, వేలసార్లు ఊగితే ఆ వంపు వచ్చింది. బయటి అంచున పలచగా, మధ్యలో ప్రైమర్ దాకా, బహుశా నట్టనడుమ రేకు దాకా అరిగి ఉంటుంది. మీ నాన్నగారు ఏ ఎత్తులో తాళాలు వేలాడదీసేవారో, ఎంత పొడవు కీచైన్ వాడేవారో అక్కడ గీసి ఉంది. దాన్ని మీరు చెరపొద్దని నా కోరిక.

అయితే రేకు బయటపడిన చోట తుప్పు పట్టకుండా చూడాలి. దూదిపుల్లతో శుభ్రం చేసి, పూర్తిగా ఆరాక ఆ చోట మైనం రెండుసార్లు పల్చగా వేయండి. ఏడాదికోసారి మళ్లీ వేయండి. ఇంట్లో అమ్మగారికో, ఇంకెవరికో ఆ మచ్చ చూడటం కష్టంగా ఉంటే, మైనం మీద పోస్టర్ కలర్స్ లాంటి నీటి రంగుతో సన్నటి కుంచె పెట్టి, అరిగిన చోట మాత్రమే చుక్కలు చుక్కలుగా అద్దండి. రంగు మైనం మీద నిలవకుండా జారితే నీళ్లలో ఒక్క చుక్క సబ్బు కలపండి. దూరం నుంచి కనిపించదు, తడిదూదితో తుడిస్తే ఎప్పుడైనా పోతుంది. మీ పిల్లలకి ఆ నెలవంక మళ్లీ కావాలనిపిస్తే వాళ్లు తుడుచుకుంటారు.

కొత్త కీచైన్ మాత్రం చిన్నది, తోలుది కొనుక్కోండి.

మీ పెయింటర్‌కి తిరిగి ఫోన్ చేసేటప్పుడు మూడు చేతికివ్వండి: పాళ్లు రాసిన రేకు ముక్క, స్పీకర్ జాలీ, టేపు ఎక్కడ దాకా వేయాలో గీసిన డాష్ ఫోటో. జాలీ కింద ఉన్న ఆ వేలెడు పచ్చ గీతలో ఒక వైపు, కనీసం రెండంగుళాల మేర టేపు వేసి అలాగే ఉంచమనండి. దాని మీద కొత్త రంగు పడకూడదు. మళ్లీ జాలీ బిగించాక అది ఎవరికీ కనిపించదు. ఇంకో ముప్పై ఏళ్లకి ఈ పని మళ్లీ చేయాల్సి వచ్చినవాళ్లు జాలీ విప్పి చూసుకుంటారు.